జనపనారతో శాండ్విచ్ ప్యానెల్: నాది ఎక్కడ ఊడిందంటే

గ్లాస్ ఫైబర్ బదులు జనపనార గుడ్డ వాడి, మధ్యలో బాల్సా అనే తేలికైన కలపను కోర్‌గా పెట్టి, రెండు వైపులా ఆ గుడ్డ పొరలు అతికించి ప్యానెల్ చేస్తే బరువు మోస్తుందా, అది నిజంగా పర్యావరణానికి మేలేనా అని అడిగారు. మోస్తుంది. మేలా కాదా అన్నది గుడ్డకి పూసే, తర్వాత గట్టిపడే జిగురైన రెజిన్‌ని బట్టి ఉంటుంది, దాని సంగతి చివర్లో చెప్తాను.

చదువుకునే రోజుల్లో ప్రాజెక్టు కోసం నేనూ ఇవే చేశాను. మొదటి మూడు ప్యానెళ్లూ పాడయ్యాయి. ఒక్కదాంట్లో కూడా నార తెగలేదు.

మొదటిదాన్ని రెండు ఆధారాల మీద పెట్టి మధ్యలో నొక్కాం. అనుకున్న లోడులో సగం కూడా పడలేదు, టప్‌మని పై పొర లేచిపోయింది. తిప్పి చూస్తే దాని వెనకవైపు నున్నగా మెరుస్తోంది. బాల్సా పొట్టు ఒక్కటీ అంటుకుని లేదు. అంటే అసలు అతుకే పడలేదన్నమాట. అతుకు సరిగ్గా పడితే కోరే చిరిగి, దాని ముక్కలు పొరను పట్టుకుని వస్తాయి. మీ ప్యానెల్ విరిగినప్పుడు మెషిన్ మీద అంకె కంటే ముందు ఆ వెనకవైపు చూడండి.

తప్పులు రెండు చేశాను. ఒకటి, గుడ్డ ఆరబెట్టలేదు. చేతికి పొడిగానే తగులుతుంది గానీ, నారలోని సెల్యులోజ్ గాల్లో తేమను పీల్చి దాచుకుంటుంది. తర్వాత అనుమానం వచ్చి 500 గ్రాముల గుడ్డను 105 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి తూస్తే 450కి దిగింది. అన్ని నీళ్లు లోపల పెట్టుకుని పైన రెజిన్ పూశానన్నమాట, బుడగలు రాక ఏమొస్తాయి! ఓవెన్‌లోంచి తీశాక కూడా ఆలస్యం చేయకూడదు, బల్ల మీద వదిలేస్తే మళ్లీ పీల్చేసుకుంటుంది. గాలి చొరని సంచిలో వేసి, రెజిన్ కలిపాకే బయటికి తీయండి.

రెండోది బాల్సా. కోర్ కోసం దాన్ని అడ్డంగా కోస్తారు కాబట్టి పొరల వైపు దాని సన్నటి గొట్టాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అతుకు కోసం పూసిన రెజిన్‌ని అది ఇటు నుంచి తాగింది, జనపనార అటు నుంచి తాగింది. మధ్యలో అతకడానికి మిగిలిందేమీ లేదు. నాలుగో ప్యానెల్‌కి ముందుగా బాల్సా మీద పల్చగా ఒక పూత వేసి, జిగటగా మారేదాకా ఆగి, అప్పుడు గుడ్డ పరిచాను. అది నిలబడింది. విరిగినప్పుడు కోర్‌లో ఏటవాలుగా పగులు వచ్చింది. అలా విరిగినందుకు సంతోషపడ్డాను కూడా.

ఇక బలం మాట. జనపనార పొర బిగువు (వంగకుండా, సాగకుండా నిలిచే గుణం) గ్లాస్ పొరలో సగానికి అటూ ఇటూ ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. శాండ్విచ్‌లో వంగకుండా ఆపే శక్తి రెండు పొరల మధ్య దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కోర్ ఒకటిన్నర రెట్లు మందం చేస్తే బిగువు రెండుంపావు రెట్లు అవుతుంది, లోటు దాదాపు తీరిపోతుంది. పైగా బాల్సా తేలిక. 1940లో ఎగిరిన మస్కిటో యుద్ధ విమానం శరీరం బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి చేసిందే. కాకపోతే దీంతో వచ్చేది బిగువే. పొర తెగే బలం అలా పెరగదు, ఆ లెక్క విడిగా చూసుకోవాలి.

బరువు తగ్గుతుందని మాత్రం ముందే మురిసిపోకండి. నార సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.4 గ్రాముల దగ్గర, గ్లాస్‌ది 2.5 దాటుతుంది, నిజమే. కానీ చేత్తో పూస్తే నా గుడ్డ తన బరువుకు రెండింతల రెజిన్ తాగింది. వాక్యూమ్ బ్యాగ్ వేశాక (సంచిలో పెట్టి గాలి లాగేసి అదిమాక) ఒకటిన్నర రెట్లకు తగ్గింది. వాక్యూమ్ లేకుండా చేస్తే నార తేలికదనమంతా రెజిన్ తినేస్తుంది. కాస్టిక్ సోడాలో నానబెట్టమని చాలామంది చెప్తారు. అతుకు మెరుగవుతుంది గానీ, ఘాటు ఎక్కువైనా, ఎక్కువసేపు ఉంచినా నారే బలహీనపడుతుంది. ముందు ఆరబెట్టడం సరిగ్గా చేయండి, అది తర్వాత చూడొచ్చు.

పర్యావరణం సంగతి. మామూలు ఎపాక్సీ రెజిన్‌తో చేస్తే ఆ ప్యానెల్ మట్టిలో కలవదు, కరిగించి మళ్లీ వాడుకోలేరు. ‘బయో’ అని రాసి ఉన్న ఎపాక్సీలో కూడా చాలావరకు మొక్కల నుంచి వచ్చింది కొంత భాగమే, గట్టిపడ్డాక అదీ అంతే. దాని బదులు పాలీప్రొపిలీన్ గానీ పీఎల్ఏ గానీ (రెండూ వేడికి కరిగే ప్లాస్టిక్‌లు) వేడి ప్రెస్‌లో కరిగించి పొరలు చేస్తే మళ్లీ కరిగించే వీలుంటుంది. అయితే వేడి 200 డిగ్రీలు దాటనివ్వకండి, నార గోధుమరంగుకి తిరిగి మాడు వాసన వస్తుంది. అందుకే 220 దగ్గర కరిగే నైలాన్ 6 దీనికి పనికిరాదు.

ఇంకో మాట, అంచులు. నా మంచి ప్యానెల్‌కి తర్వాత స్క్రూల కోసం రంధ్రాలు వేసి, లోపల రెజిన్ పూయడం మర్చిపోయాను. వర్షాకాలం అయ్యేసరికి ఒక్కో రంధ్రం చుట్టూ నాణెమంత మేర ఉబ్బింది.