ముక్కలు డీలర్ లాగేసుకుంటే
కావలి నుంచి రాసిన తమ్ముడూ, గోవా క్యాసినోలో పోకర్ ఆడుతుంటే ముక్కలు పంచే డీలర్ పొరబాటున నీ ముక్కల్ని మక్‌లో, అంటే పారేసిన ముక్కల కుప్పలో, కలిపేశాడన్నావు. తప్పు అతనిదే, కాదనను. కానీ ముక్కలు కాపాడుకోవాల్సింది ఆటగాడే; టేబుళ్ల దగ్గర తగవులు తీర్చే ఫ్లోర్ మేనేజర్ని పిలిచినా మామూలుగా తిరిగిరావు. నువ్వు పందెం పెంచి (రెయిజ్), దానికి సమానంగా ఇంకా ఎవరూ డబ్బు పెట్టకపోతే (కాల్ చేయకపోతే) మాత్రం ఆ పెంచిన మొత్తం వెనక్కి అడుగు, చాలాచోట్ల ఇచ్చేస్తారు.

ఇకమీద ముక్కలు చూడగానే పైన ఒక చిప్ పెట్టు. మన రమ్మీలోలాగా విసనకర్రలా ఎత్తి పట్టుకోకు. టేబుల్ మీదే అరచెయ్యి అడ్డం పెట్టి మూలలు లేపి చూడు. నీ వంతు రాకముందు ఫోల్డ్ కూడా చెయ్యకు, అంటే ముక్కలు వదిలేసి తప్పుకోకు.

ఒంగోలు ఫ్రెండ్‌తో ఆట మధ్యలో తెలుగులో మాట్లాడితే డీలర్ కసిరాడన్నావే, అందులో నేను అతని వైపే. ఎదురున్నోడికి మీరిద్దరూ ముక్కలు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది. ఆ హ్యాండ్ (ఒక పంపకం ఆట) అయ్యాక బయటికెళ్లి ఎంతైనా మాట్లాడుకోండి.