నీ సినాప్సిస్‌లో ప్రశ్న ఎక్కడ?

చిరంజీవి అమ్మాయికి,

నీ పీహెచ్‌డీకి నువ్వు పంపిన సినాప్సిస్, అంటే పరిశోధన ప్రతిపాదన, రెండుసార్లు చదివాను. ‘గృహహింస చట్టం, 2005: ఒక విమర్శనాత్మక అధ్యయనం’ అన్న శీర్షిక దగ్గరే ఆగిపోయాను. అందులో చట్టం ఉంది, అధ్యయనం ఉంది, ప్రశ్న లేదు. ప్రశ్న లేకుండా మొదలుపెడితే థీసిస్ ఎలా తయారవుతుందో ఇప్పుడే చెప్పగలను. వేదకాలం నుంచి స్త్రీల స్థితిగతులు ఒక అధ్యాయం, ఐక్యరాజ్యసమితి ఒడంబడికలు ఒకటి, సెక్షన్లు వరసపెట్టి ఒకటి, జడ్జిమెంట్ల సారాంశాలు ఇంకొకటి. ఆఖరున ‘ప్రజల్లో అవగాహన పెంచాలి, ప్రత్యేక కోర్టులు పెట్టాలి’. పేజీలకేం, నాలుగొందలు నిండుతాయి. మన దేశపు థీసిస్‌లు దాచే వెబ్‌సైటు శోధ్‌గంగలో ఒక పూట కూర్చుని వెతుకు, ఈ మూసలో పోసినవి ఎన్ని దొరుకుతాయో నువ్వే చూస్తావు.

ఎల్‌ఎల్‌బీ, ఎల్‌ఎల్‌ఎంలలో ఉన్న చట్టాన్ని చదివావు. పీహెచ్‌డీలో నేర్చుకోవాల్సింది వేరు. ఎవరూ సరిగ్గా తేల్చని సంగతిని పట్టుకోవడం, దాన్ని తేల్చే పద్ధతి ఎంచుకోవడం, తేలినదాన్ని ఇంకొకరు పరీక్షించి చూసుకునేలా రాసిపెట్టడం. లాయరు అలవాట్లు ఇక్కడ కొంత వదులుకోవాలి. లాయరు తన పక్షానికి పనికొచ్చే తీర్పు చూపిస్తాడు, మిగతాది ఎదుటి లాయరు చూసుకుంటాడు. పరిశోధనలో ఎదుటి లాయరు ఉండడు. నీ వాదనను పడగొట్టే తీర్పును వెతికి తెచ్చే పని కూడా నీదే.

నీ అంశంలోనే మంచి ప్రశ్న ఉంది. సెక్షన్ 12(5) చూడు: మొదటి విచారణ తేదీ నుంచి 60 రోజుల్లో దరఖాస్తు తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. ‘తేల్చాలి’ అనలేదు, ‘ప్రయత్నించాలి’ అంది. గడువు దాటితే ఏమవుతుందో ఆ సెక్షన్ చెప్పదు. ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. అలాంటి గడువుకు చట్టపరంగా ఎంత బలం ఉంది? కోర్టులో ఆ రోజులు నిజానికి ఎక్కడ ఖర్చవుతున్నాయి? మొదటిది గ్రంథాలయంలో తేలుతుంది, రెండోది కోర్టు రికార్డుల్లో. ఒకదాని పద్ధతితో రెండోదానికి జవాబు చెప్పబోతేనే వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, ఇబ్బంది వస్తుంది. పది తీర్పులు చదివి ‘కోర్టుల్లో జాప్యం ఉంది’ అని రాస్తే, పరీక్షకుడు మొట్టమొదట అడిగేది ‘ఎన్ని కేసులు చూశారు?’ అనే.

గ్రంథాలయం పని సంగతి ముందు. తీర్పు ఇప్పటికీ నిలిచి ఉందో లేదో చూడకుండా ఉటంకించకు. భార్యకు ఉండే హక్కున్న ‘ఉమ్మడి నివాసం’ ఏది అన్నదానికి ఎస్.ఆర్. బత్రా కేసును చాలాకాలం అందరూ ఆధారం చేసుకున్నారు. 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు అది సరైన చట్టం కాదని తేల్చింది. ఎవరి మీద ఫిర్యాదు చేయవచ్చో చెప్పే సెక్షన్ 2(క్యూ)లోని ‘వయోజన పురుషుడు’ అన్న మాటలను 2016లో హిరల్ హర్సోరా కేసులో కొట్టేసింది. పాత వ్యాసాల్లోంచి ఎత్తి రాసేవాళ్లు పడేది ఈ గుంటల్లోనే. తీర్పు పూర్తి పాఠం సుప్రీంకోర్టు తీర్పుల వెబ్‌సైటు ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతుంది. తీర్పు పైన ఇచ్చే సారాంశం, అదే హెడ్‌నోట్, చూసి రాయకు, అది సంపాదకుడి మాట, జడ్జి మాట కాదు.

ఎక్కువ కష్టం కోర్టు రికార్డుల దగ్గర. రెండు మేజిస్ట్రేటు కోర్టులు చాలు, ఒకటి పట్టణంలో, ఒకటి మారుమూల. ఎంపికలో అందరూ చేసే పొరపాటు, ఫలానా ఏడాదిలో ‘ముగిసిన’ కేసులు తీసుకోవడం. అలా చేస్తే ఏళ్ల తరబడి నానుతున్నవి లెక్కలోకి రావు, జాప్యం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఫలానా ఏడాదిలో ‘దాఖలైన’ గృహహింస కేసులు (డీవీసీలు) తీసుకో, ఇంకా నడుస్తున్నవాటిని నడుస్తున్నట్టే రాయి. 2019 దాఖలాలు వద్దు. 2020 మార్చి తర్వాత కరోనాతో కోర్టులు స్తంభించాయి, ఏ ఆలస్యం దేనివల్లో విడదీయలేవు. 2022 నయం. రిజిస్టరులో ప్రతి ఐదో కేసు తీసుకుంటూ ఒక్కో కోర్టులో అరవై చూడు. తెలిసిన లాయరు ఇచ్చిన ఫైళ్లతో మాత్రం సరిపెట్టుకోకు. అవి ఆయన ఆఫీసు కథ చెప్తాయి, కోర్టు కథ కాదు.

ఒక్కో కేసుకు ఒక వరస, ఒక్కో తేదీకి ఒక గడి: దాఖలు, మొదటి విచారణ, నోటీసు అందిన రోజు, ప్రొటెక్షన్ ఆఫీసరు (ఈ చట్టం కింద బాధితురాలికి సాయపడే అధికారి) నివేదిక వచ్చిన రోజు, మధ్యంతర ఉత్తర్వు, తుది ఉత్తర్వు. ఆస్తుల అఫిడవిట్లు పడ్డాయా అన్నదానికీ ఒక గడి పెట్టు. భరణం కేసుల్లో అవి ఇరుపక్షాలూ దాఖలు చేయాలని 2020 నవంబరులో రజనేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కింది కోర్టులో అది ఎంతవరకు నడుస్తోందో నీ పట్టిక చూపిస్తే, ఆ ఒక్క గడే ఒక అధ్యాయమవుతుంది. 60 రోజులు లెక్కించేది మొదటి విచారణ నుంచి, దాఖలు నుంచి కాదు. రాజీ పడ్డవి, ఉపసంహరించుకున్నవి విడిగా రాయి. తేదీలు చాలావరకు కోర్టు కేసుల వివరాల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో దొరుకుతాయి. వాయిదా ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో తెలియాలంటే ఫైలు తిప్పాల్సిందే. అందుకు విశ్వవిద్యాలయం లేఖతో అనుమతి అడగాలి. అది నెలలు పట్టే పని, కోర్స్‌వర్క్ (పీహెచ్‌డీ మొదట్లో చదవాల్సిన కోర్సులు) నడుస్తుండగానే దరఖాస్తు పెట్టు. పట్టికలో పేర్లు వద్దు, అంకెలు వాడు. ఏ అంకె ఎవరిదో తెలిపే కాగితం విడిగా తాళం వేసి ఉంచు.

నిబంధనల గురించి ఎక్కువ చెప్పను. యూజీసీ 2022 నియమాల ప్రకారం కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, అందులో 55 శాతం రావాలి. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్లు దాటకూడదు. ప్రతి సెమిస్టరులో సలహా కమిటీ ముందు పని చూపించాలి. దాన్ని తంతుగా తీసుకోకు, వైవాలో వచ్చే ప్రశ్నలు సగం అక్కడే బయటపడతాయి. ప్రొఫెసరు ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురిని తీసుకోవచ్చు. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు హోదా కంటే, ఆయన దగ్గర ఇప్పటికే ఎందరున్నారో, అధ్యాయం చదివి ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో పాత విద్యార్థులను అడిగి తెలుసుకో. గ్రంథచౌర్యం లెక్కలో ఇతరుల రాతతో పోలిక పది శాతం వరకు ఉంటే శిక్ష లేదు, చట్టాల పాఠం ఆ లెక్కలోకి రాదు. కానీ తీర్పును మాట మార్చి నీదిగా రాసుకుంటే సాఫ్ట్‌వేర్ వదిలినా పరీక్షకుడు వదలడు.

రాయడం మధ్యలోంచి మొదలుపెట్టు. కనుగొన్నవి ముందు, పరిచయం చివర. చరిత్ర అధ్యాయం నీ ప్రశ్నకు అక్కర్లేకపోతే తీసేయ్, గైడ్ గారు అడిగితే ఎనిమిది పేజీలతో సరిపెట్టు. ఇంగ్లండు, అమెరికాలతో పోలిక కూడా అంతే, అక్కడి గడువు మన గడువు మీద వెలుగు పడేసేదైతేనే ఉంచు. ప్రతి సూచన పక్కన అది ఏ పట్టికలోంచి వచ్చిందో పెన్సిల్‌తో రాసుకో. ఏ పట్టికా దొరకని సూచన కొట్టేయ్, ఎంత మంచిదైనా సరే. ఆలస్యమంతా ప్రొటెక్షన్ ఆఫీసరు నివేదిక దగ్గరే ఉందని తేలితే, ప్రత్యేక కోర్టు పెట్టమని రాయడంలో అర్థం లేదు కదా. ఒకవేళ కేసులు 60 రోజుల్లోనే తేలుతున్నాయని వస్తే అదీ ఫలితమే, దాచకు.

కొత్త శీర్షిక, ఒక్క వాక్యంలో ప్రశ్న, పది కేసులతో నింపిన నమూనా పట్టిక పంపు. ఈ-కోర్ట్స్‌లో దొరికే తేదీలతోనే నింపు, అనుమతి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఏ గడులు ఖాళీగా మిగిలాయో చూశాక మిగతాది మాట్లాడదాం.

ఆశీస్సులతో,
మామయ్య