బొమ్మల సినిమాలు: పాఠకుల ప్రశ్నలకు పాత వీడియో షాపాయన జవాబులు

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. రైసు మిల్లులో గుమస్తాని. రాత్రిళ్ళు పాత కార్టూన్ సినిమాలు చూస్తుంటే ఇంట్లో "ఇంకా చిన్నపిల్లాడివా?" అని నవ్వుతున్నారు. పెద్దవాళ్ళ కోసం తీసిన బొమ్మల సినిమాలు వెతుకుదామని ఫోన్లో 'అడల్ట్' అని కొడితే చెప్పుకోలేనివి వచ్చాయండి. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, మండపేట

జవాబు: ఆ మాట మళ్ళీ కొట్టకండి బాబూ. ముందు నా తప్పు ఒకటి చెబుతాను. రాజోలులో పదకొండేళ్ళు వీడియో క్యాసెట్ల షాపు నడిపాను. ఒకసారి ఎవరో మాస్టారు పిల్లాడి పుట్టినరోజుకి కార్టూన్ క్యాసెట్ అడిగితే, అట్ట మీద కుందేళ్ళ బొమ్మ ఉన్నది తీసి ఇచ్చేశాను. గంట తిరక్కుండానే స్కూటర్ మీద వచ్చేశాడాయన. "కుందేళ్ళు పీకలు కొరుక్కుంటున్నాయండీ, పిల్లలు కేకు కూడా ముట్టట్లేదు!" అంటూ క్యాసెట్ బల్ల మీద పడేశాడు. 1978లో వచ్చిన 'వాటర్‌షిప్ డౌన్' అది. బ్రిటన్ సెన్సారు వాళ్ళే అన్ని వయసుల వాళ్ళూ చూడొచ్చని యూ సర్టిఫికెట్ ఇచ్చారు. నలభై ఏళ్ళు దాటాక గాని దాన్ని పీజీగా, అంటే పిల్లలైతే పెద్దల సలహాతో చూడాల్సినదిగా, మార్చలేదు. వాళ్ళకే తెలియనిది రాజోలు షాపువాడికేం తెలుస్తుంది? ఆ రాత్రి షట్టరు దించి ఒక్కణ్ణే కూర్చుని మొత్తం చూశాను. మర్నాడు కార్టూన్ల అరని రెండు చేశాను.

ఇంట్లోవాళ్ళు నవ్వితే తోలుబొమ్మలాట గుర్తుచేయండి. చిన్నప్పుడు శివరాత్రికి మా ముక్తేశ్వరం వైపు ఆటగాళ్ళు వచ్చేవారు. మన కాకినాడ దగ్గర మాధవపట్నం ఈ విద్యకి పేరున్న ఊరు. తెల్లటి తెర వెనక దీపాలు, రాత్రంతా రామాయణం. మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూరేవారు. వాళ్ళ మాటలు ఈ పత్రికలో రాయలేను. మా అమ్మ నా చెవులు మూసేది, తను మాత్రం చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. బొమ్మలు పిల్లలకి మాత్రమే అని మనకెవరు చెప్పారో నాకిప్పటికీ అర్థం కాదు.

మీరు 'నైబర్స్'తో మొదలుపెట్టండి. 1952లో నార్మన్ మెక్‌లారెన్ కెనడాలో తీశాడు, ఎనిమిది నిమిషాలు. మన భాషలో చెప్పాలంటే గట్టు తగాదా. రెండిళ్ళ సరిహద్దులో ఒక పువ్వు పూస్తుంది. నాదంటే నాదని ఇరుగూ పొరుగూ కొట్టుకుచస్తారు. గీసిన బొమ్మలు కావు, నిజం మనుషులనే బొమ్మల్లా ఒక్కో ఫ్రేముకీ కదిపి తీశాడు. ఆస్కార్ వచ్చింది. అయినా పెళ్ళాంపిల్లల్ని కూడా చంపే ముక్కని తర్వాత కొన్నాళ్ళు కత్తిరించి చూపించారు. కెనడా ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌బీ తన సైటులో చాలా సినిమాలు ఉచితంగా చూపిస్తుంది. అక్కడ మెక్‌లారెన్ పేరు కొట్టండి.

కిటుకు కూడా అదే. రకం పేరుతో కాదు, తీసిన మనిషి పేరుతో, సినిమా వచ్చిన ఏడాదితో వెతకాలి. ఒక పేరు ఇంకో పేరుకి దారి చూపిస్తుంది. ఫ్రాన్స్‌లో ఆనెసీ అనే ఊళ్ళో 1960 నుంచీ బొమ్మల సినిమాల పండగ జరుగుతోంది. అక్కడ బహుమతులొచ్చిన వాటి జాబితా దొరికితే ఏడాదికి సరిపడా సరుకు.

పచ్చివి కూడా ఉంటాయి, దాచడం దేనికి. రాల్ఫ్ బాక్షీ 1972లో తీసిన 'ఫ్రిట్జ్ ద క్యాట్' అమెరికాలో ఎక్స్ సర్టిఫికెట్, అంటే పెద్దలకి మాత్రమే అనే ముద్ర, వచ్చిన మొదటి బొమ్మల సినిమా. ఆ పిల్లి వేషాలు నాకు పెద్దగా నచ్చలేదు. కానీ న్యూయార్క్ వీధుల ఫోటోల మీంచి గీసిన బ్యాక్‌గ్రౌండ్లు, జనం నిజంగా మాట్లాడుకుంటుంటే రికార్డు చేసిన మాటలు ఉన్నాయే, వాటి కోసం రెండుసార్లు చూశాను. పిల్లలు నిద్రపోయాకే చూడండి. ఆ మరుసటి ఏడు రెనే లాలూ తీసిన 'ఫెంటాస్టిక్ ప్లానెట్'లో నీలం రంగు రాక్షసులు మనుషుల్ని కుక్కపిల్లల్లా పెంచుకుంటారు. కేన్స్‌లో ప్రత్యేక బహుమతి వచ్చింది. సగం అర్థం కాదు, అయినా కళ్ళు తిప్పుకోలేం.

ప్రశ్న: మా నాన్నగారికి 72. ఇద్దరం కలిసి చూడదగ్గది ఒక్కటి చెప్పండి.
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: గీతాంజలి రావు గారి 'ప్రింటెడ్ రెయిన్‌బో', 2006. పావుగంట. ఒంటరి ముసలావిడ, ఒక పిల్లి, అగ్గిపెట్టెల బొమ్మలు. మాటలు లేవు కాబట్టి భాష టెన్షన్ లేదు. అయ్యాక నాన్నగారిని అగ్గిపెట్టెల గురించి అడగండమ్మా, ఇంకో గంట గడిచిపోతుంది.

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. నా దగ్గర ఫోన్ తప్ప ఏమీ లేదు. సొంతంగా ఒకటి తీయొచ్చా మాస్టారూ?
– కొత్తపేట

జవాబు: నన్ను మాస్టారు అనకు నాయనా, క్యాసెట్లు అద్దెకిచ్చుకునేవాణ్ణి. తీయొచ్చు. లోట్టె రైనిగర్ అనే జర్మన్ ఆవిడ 1926లోనే నల్ల అట్ట కత్తిరించి, కీళ్ళకి తీగ కట్టి, కింద వెలుగు పెట్టిన అద్దం మీద బొమ్మల్ని కదుపుతూ పూర్తి నిడివి సినిమా తీసింది. మన తోలుబొమ్మకి చెల్లెలే అది. నువ్వూ పాత క్యాలెండర్ అట్టతో చెయ్. ఫోన్ కదలకూడదు, రెండు ఇటుకల మధ్య బిగించు. సెకనుకి పన్నెండు ఫోటోలు చాలు. కరెంటు పోయి వస్తే వెలుగు మారిపోతుంది, చార్జింగ్ లైటు వాడు.

ఇంకొకటి చెబుతాను. రష్యాలో యూరీ నార్‌స్టెయిన్ 1975లో పది నిమిషాల సినిమా తీశాడు, పొగమంచులో దారి తప్పిన ముళ్ళపంది కథ. ఆ మంచు ఎలా చేశాడనుకున్నావ్? బొమ్మ మీద పల్చటి కాగితం ఒకటి పరిచి, ఫ్రేము ఫ్రేముకీ కొంచెం కొంచెం కెమెరా వైపు లేపాడు. కాగితం లేచేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. అంతే. పుష్యమాసంలో తెల్లారి కోటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డావా ఎప్పుడైనా? అవతలి గట్టు కనపడదు, ఇంజను చప్పుడే వినపడుతుంది. కిరాణా కొట్లో బటర్ పేపరు దొరుకుతుంది. ఆ రేవునే గీసి, మీద పేపరు పెట్టి చూడు. చప్పుడు మాత్రం అక్కడికే వెళ్ళి రికార్డు చేసుకో.