క్రూయిజ్ ప్రయాణానికి నగదు ఎంత పెట్టుకోవాలి

చిరంజీవి సౌభాగ్యవతి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే నెల టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరే ఏడు రాత్రుల క్రూయిజ్‌కు అమ్మానాన్నలను, పిల్లలిద్దరినీ తీసుకుని వెళుతున్నామనీ, మీ నాన్నగారు విజయవాడలోనే మూడు వేల డాలర్లు మార్పించి తెస్తానంటున్నారనీ ఫోనులో చెప్పావు. భారతదేశం నుంచి ఒక మనిషి ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో తీసుకురాదగిన పరిమితి సాధారణంగా 3,000 డాలర్లే కనుక ఆయన నిబంధనలను మీరడం లేదు. అయినా అంత నగదు ఈ ప్రయాణానికి అవసరం లేదని నా మాటగా ఆయనకు చెప్పు. మీ ఆరుగురికీ కలిపి నాలుగు వందల డాలర్లు చాలు, కానీ అవి చిన్న నోట్లుగా ఉండాలి.

ఓడలోపల కొనుగోళ్లకు నగదు చెల్లదు. ఎక్కేటప్పుడు ఇచ్చే గది కార్డునే అన్నిచోట్లా చూపిస్తారు, ఆ ఖర్చంతా మీరు ముందుగా నమోదు చేసిన క్రెడిట్ కార్డుకు చేరుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. డెబిట్ కార్డును గానీ, అమ్మావాళ్లు విదేశీ డబ్బు ముందే నింపి తెచ్చుకునే ఫారెక్స్ కార్డును గానీ ఆ ఖాతాకు జత చేయవద్దు. ఓడవాళ్లు ఖర్చు అంచనా ప్రకారం ఆ కార్డులోని సొమ్మును ముందే నిలిపి ఉంచుతారు. ప్రయాణం ముగిసి అసలు బిల్లు తేలిన తరువాత కూడా ఆ నిలుపుదల తొలగడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, ఆలోగా మీ సొమ్మే మీకు అందకుండా పోతుంది. అమ్మానాన్నల గదిని కూడా నీ క్రెడిట్ కార్డుకే కలపమని అడుగు, ఒక కార్డుకు రెండు గదులు కలపడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు.

ఆ కార్డు పరిమితిలో తగినంత ఖాళీ ఉంచుకోవడం నగదు కన్నా ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. సిబ్బందికి ఇచ్చే రోజువారీ గ్రాట్యుటీ, అంటే టిప్పు సొమ్ము, పెద్ద ఓడల్లో మనిషికి సుమారు 16 నుంచి 20 డాలర్ల వరకు ఉంటుంది, పిల్లలకూ అది వర్తిస్తుంది కనుక మీ ఆరుగురికీ వారానికి 750 డాలర్లు దాటవచ్చు. పానీయాల బిల్లులపై మరో 18 నుంచి 20 శాతం దానంతటదే చేరుతుంది. వీటన్నిటికన్నా పెద్దది ఓడలోని వైద్యశాల ఖర్చు. పెద్దవాళ్లలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ముందు మీ ఖాతాకు బిల్లు వేస్తారు, బీమా సొమ్ము తరువాత మీరు తెప్పించుకోవాలి. అమ్మానాన్నల విజిటర్ బీమా సముద్రంపైనా, ఓడ ఆగే మెక్సికో, హోండురాస్, బెలీజ్‌లలోనూ వర్తిస్తుందో లేదో బయలుదేరే ముందే రాతపూర్వకంగా తెలుసుకో.

ఇక నగదు ఎవరికి? రేవులో పెట్టెలు అందుకునే పోర్టర్లకు పెట్టెకు రెండు డాలర్ల చొప్పున ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఇవ్వాలి. గదులు శుభ్రం చేసేవారికి గ్రాట్యుటీలో వాటా ఉన్నా, గదికి పాతిక డాలర్లు విడిగా ఇవ్వు. భోజనశాలలో మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ను అడిగితే చాలా ఓడల్లో మీ అమ్మకు పప్పు, కూర, చపాతీ వండించి పెడతారు. వారం రోజులు మనకోసం విడిగా శ్రమపడిన ఆ వంటవారికీ, వడ్డించినవారికీ కలిపి అరవై డాలర్లు కేటాయించు. ఇళ్లు వదిలి నెలల తరబడి సముద్రంపై పనిచేసేవారి చేతికి నేరుగా అందే డబ్బు అది, అక్కడ లెక్క చూసుకోవద్దు.

మిగిలినది ఒడ్డున ఖర్చవుతుంది. మెక్సికోలోని కోజుమెల్, హోండురాస్‌లోని రోటాన్, బెలీజ్ సిటీ మూడింటిలోనూ యాత్రికులు తిరిగే చోట్ల అమెరికా డాలర్లు తీసుకుంటారు, కనుక మెక్సికో పెసోలు గానీ హోండురాస్ లెంపీరాలు గానీ కొనవలసిన పని లేదు. అయితే పెద్ద నోటు ఇస్తే చిల్లర వాళ్ల డబ్బులో వస్తుంది, అది ఓడ ఎక్కాక పనికిరాదు. చిరిగిన నోటును చాలాచోట్ల తీసుకోరు. బెలీజ్‌లో మాత్రం బేరమాడే ముందే ఏ దేశపు డాలరో అడిగి తీరాలి. అక్కడి డాలరు విలువ అమెరికా డాలరులో సగం, ఆ సంగతి గమనించకపోతే వస్తువుకు రెట్టింపు చెల్లిస్తావు. పైగా అక్కడ ఓడ దూరంగా ఆగి, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తుంది కనుక డబ్బు మరచిపోతే వెనక్కి వెళ్లి తెచ్చుకోవడం తేలిక కాదు. రోటాన్‌లో టాక్సీ ఎక్కే ముందు, చెప్పిన ధర మనిషికా, అందరికీ కలిపా, రానుపోనూనా అన్నది స్పష్టంగా మాట్లాడుకుని, తిరిగి రేవులో దించాకే మొత్తం ఇవ్వండి. దుకాణంలో కార్డు వాడినప్పుడు యంత్రం డాలర్లలోనా, పెసోలలోనా అని అడిగితే, నీ కార్డుకు విదేశీ రుసుము లేకపోతే పెసోలే ఎంచుకో. డాలర్లు ఎంచుకుంటే మారకపు రేటులో వాళ్ల లాభం కూడా కలుస్తుంది.

బ్యాంకులో ఒక డాలరు నోట్లు అరవై, అయిదువి ఇరవై, పదివి పన్నెండు, ఇరవైవి ఆరు అడిగి తీసుకో, నాలుగు వందలకు సరిపోతుంది. ముందు రోజు అడిగితే వాళ్లకూ వీలుగా ఉంటుంది. ఒడ్డుకు దిగేటప్పుడు ఆ రోజుకు కావలసిన నూరు డాలర్లూ, ఒక కార్డూ పట్టుకెళ్లి, మిగిలిన డబ్బునూ రెండో కార్డునూ గదిలోని లాకరులో ఉంచు. అల్లుడి దగ్గర కొంత, నీ దగ్గర కొంత ఉండడం మంచిది. ఓడలోని ఏటీఎం జోలికి పోవద్దు, దాని రుసుము ఎక్కువ.

చివరి రాత్రి భోజనానికి ముందే ఖాతా మొత్తం చదివి, పొరపాటు కనిపిస్తే అప్పుడే గెస్ట్ సర్వీసెస్‌కు వెళ్లు. మర్నాడు ఉదయం అక్కడ వరుస చాలా పొడవుగా ఉంటుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ