పాత సినిమాల్లో పేరు లేకుండా పోయినవాళ్ళను వెతికే పనికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. 'ద వాటర్‌మెలన్ ఉమన్' అనే అమెరికన్ సినిమా చూసినప్పటి నుంచి, తొలినాళ్ళ సినిమాల్లో మరుగునపడిన నల్లజాతి క్వీర్ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ల వంటి) నటుల మీద పరిశోధన చేసి డాక్యుమెంటరీ తీస్తానంటోంది. అందుకు అమెరికా వెళ్ళి చదవాలట. ఎంబీఏ చెయ్యమంటే వినడం లేదు. నేను బ్యాంకులో క్లర్కుని, లోన్ పెట్టాలంటే భయంగా ఉంది. ఇందులో ఉద్యోగాలు ఉంటాయా? ఈ సబ్జెక్టే ఎందుకని బంధువులు అడిగితే ఏం చెప్పాలి?
ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఆ సినిమా సంగతి చెప్తానండి. అది తెలిస్తే మీ అమ్మాయి ఏ పని గురించి మాట్లాడుతోందో అర్థమవుతుంది. 1996లో షెరిల్ డున్యే తీసిన సినిమా అది. నల్లజాతి లెస్బియన్ దర్శకురాలు తీసిన మొదటి ఫీచర్ ఫిల్మ్‌గా దానికి పేరు. ఫిలడెల్ఫియాలో వీడియో షాపులో పనిచేసే ఒకమ్మాయి, 1930ల సినిమాల్లో పనిమనిషి వేషాలు వేసిన ఒక నటి ఎవరో కనుక్కోవాలని బయల్దేరుతుంది. టైటిల్స్‌లో ఆ నటి పేరు లేదు, 'వాటర్‌మెలన్ ఉమన్' అని ఉంటుందంతే. వెతగ్గా వెతగ్గా ఆమె పేరు ఫే రిచర్డ్స్ అని, ఒక తెల్లజాతి దర్శకురాలిని ప్రేమించిందని తెలుస్తుంది. అంతా అయ్యాక, ఇది కల్పితమని తెర మీద పడుతుంది. ఫే రిచర్డ్స్ అనే మనిషే లేదు. ఆ పాత ఫోటోలన్నీ జోయి లెనార్డ్ అనే ఆర్టిస్టు ఆ సినిమా కోసం నటులతో తీసినవి. తనలాంటి వాళ్ళ చరిత్ర ఎక్కడా భద్రంగా లేదు కాబట్టి డున్యే దాన్ని కల్పించుకున్నారు.

కల్పించుకోనక్కర్లేకుండా, నిజంగా బతికిన మనుషుల్ని వెతికి పట్టుకోవాలని మీ అమ్మాయి ఆశ. ఇది పిచ్చి ఆలోచన కాదండి, నేర్చుకోదగ్గ పని. చెయ్యి తిరిగితే డబ్బు కూడా వస్తుంది.

ఆ పని ఎలా ఉంటుందో చూడండి. 1898లో షికాగోలో ఒక నల్లజాతి జంట నవ్వుతూ ముద్దు పెట్టుకునే చిన్న సినిమా తీశారు, అర నిమిషం కూడా ఉండదు. దాని ప్రింటు సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో పాత ఫిల్ములు భద్రపరిచే ఒక ఆర్కైవిస్ట్ చేతికి వచ్చింది. ఎవరు తీశారో, ఎవరు నటించారో దాని మీద లేదు. ఆయన ఫిల్మ్ అంచుల్లోని చిల్లులు గమనించి అది చాలా పాతదని గుర్తుపట్టారు. షికాగో యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆలిసన్ ఫీల్డ్ ఆధారాలు వెతికి, ఆ ఇద్దరూ సెయింట్ సటిల్, గర్టీ బ్రౌన్ అనే స్టేజీ కళాకారులని తేల్చారు. నూటపాతికేళ్ళ కిందటి ముఖాలకు పేర్లు తిరిగొచ్చాయి. నేను ఆ ముక్క ఎన్నిసార్లు చూశానో. చూసిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

క్వీర్ మనుషుల విషయంలో ఇది ఇంకా కష్టం. గ్లాడిస్ బెంట్లీనే తీసుకోండి. 1920ల్లో, 30ల్లో న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళ పేట హార్లెంలో తెల్ల సూటు, టాప్ హ్యాట్ వేసుకుని పియానో వాయిస్తూ పాడిన గాయని. తను ప్రేమించేది ఆడవాళ్ళనేనన్న సంగతి దాచుకోలేదు. ఆమె 1952లో నల్లజాతివాళ్ళ పత్రిక 'ఎబొనీ'లో, చికిత్స తీసుకుని మళ్ళీ ఆడదాన్నయ్యానని తన పేరుతోనే వ్యాసం రాశారు. స్వలింగ ప్రేమికులని తెలిస్తే ప్రభుత్వ ఉద్యోగాల్లోంచి తీసేస్తున్న రోజులవి. వ్యాసం ఒక్కటే చదివితే మనిషి మారిపోయిందనుకుంటాం. సూటు వేసుకున్న పాత ఫోటో ఒక్కటే చూస్తే వ్యాసం అబద్ధమని తోసేస్తాం. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని, మధ్యలో ఉన్న భయాన్ని చదవగలగాలి. అందుకే ఆవేశం ఒక్కటే సరిపోదు, ఓపిక కావాలి.

ఇక ఉద్యోగాలు. డాక్యుమెంటరీలకు పాత ఫుటేజీ, ఫోటోలు వెతికి, హక్కులు ఎవరివో కనుక్కుని, అనుమతులు తెచ్చేవాళ్ళను ఆర్కైవల్ రీసెర్చర్, ఆర్కైవల్ ప్రొడ్యూసర్ అంటారు. 1920లు, 30ల నాటి అమెరికన్ సినిమాలకు కాపీరైట్ 95 ఏళ్ళ దాకా ఉండొచ్చు. ఏది ఉచితంగా వాడుకోవచ్చు, దేనికి డబ్బు కట్టాలి అన్నది తేల్చడం కూడా వీళ్ళ పనే. ఫిల్మ్ ఆర్కైవ్‌లు, మ్యూజియంలు, యూనివర్సిటీల్లో కూడా అవకాశాలున్నాయి. కాకపోతే నెల నెలా జీతం వచ్చే పోస్టులు తక్కువ, ఎక్కువ భాగం ప్రాజెక్టు లెక్కన నడుస్తుంది. ఈ మాట మీ అమ్మాయికి మీరే స్పష్టంగా చెప్పండి.

లోన్ మాత్రం ఇప్పుడే పెట్టకండి. న్యూయార్క్ యూనివర్సిటీలో సినిమాలను భద్రపరిచే విద్య మీద రెండేళ్ళ ఎంఏ ఉంది, రోచెస్టర్‌లో జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం వాళ్ళ సెల్జ్‌నిక్ స్కూల్ ఉంది. మంచి కోర్సులే, కానీ న్యూయార్క్‌లో రెండేళ్ళంటే ఫీజు, ఇంటద్దె కలిపి కోటి దాటొచ్చు. అమెరికాలో చదువుకు డబ్బిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు సుమారు మూడేళ్ళ ఉద్యోగానుభవం అడుగుతారు. అంటే ఎలాగూ కొన్నేళ్ళు ఇక్కడ పనిచెయ్యాలి. ఆ లోపు ఎంఏకి జాదవ్‌పూర్ యూనివర్సిటీ ఫిల్మ్ స్టడీస్ మంచిది. తీయడమే ముఖ్యమనుకుంటే ప్రభుత్వ ఫిల్మ్ స్కూళ్ళు పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ ఉన్నాయి. ముంబయి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వర్క్‌షాపుల్లో పాత రీళ్ళను చేత్తో పట్టుకుని బాగుచెయ్యడం నేర్పిస్తారు, 2019లో హైదరాబాద్‌లోనే పెట్టారు. ఈ విద్య మన దగ్గరా అవసరమే. 1921లో వచ్చిన మన తొలి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' ప్రింటు ఈరోజు మనకు లేదు.

బంధువులు అడిగితే, సినిమా చరిత్ర చదువుతోందని చెప్పండి, అది నిజమే కదా. మీకు లోపల ఇంకో టెన్షన్ ఉందని ఉత్తరంలోనే కనిపిస్తోంది. సబ్జెక్టును బట్టి మనిషిని అంచనా కట్టకండి, నిలదీయకండి. తన గురించి ఏదైనా చెప్పుకోవాలనుంటే ముందు మీ దగ్గరే చెప్పుకోగలగాలి, ఇంట్లో ఆ చనువు ఉంచండి. స్వలింగ సంబంధాలు నేరం కాదని మన సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది.

ఇప్పుడు మీ అమ్మాయికి నేనిచ్చే పని. ఆరు నెలలు, ఒక్కరే మనిషి. 1935కి ముందు అమెరికన్ సినిమాల్లో చిన్న వేషాలు వేసిన ఒక నల్లజాతి నటినో నటుడినో ఎంచుకోమనండి. మీడియా హిస్టరీ డిజిటల్ లైబ్రరీ అనే వెబ్‌సైట్‌లో ఆనాటి సినిమా పత్రికలు ఉచితంగా చదవొచ్చు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు పాత దినపత్రికలు ఆన్‌లైన్‌లో పెట్టారు. నల్లజాతివాళ్ళు నడిపిన పత్రికలు ముఖ్యంగా చూడమనండి, స్టూడియోలు వదిలేసిన పేర్లు అక్కడ దొరుకుతాయి. దొరికిన ప్రతి విషయం ఒక నోటుబుక్‌లో రాసి, పక్కనే ఏ పత్రిక, ఏ తేదీ, ఏ పేజీ అని రాయాలి. ఆ మనిషి ఎవరిని ప్రేమించారో ఆధారం లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్యాలి, ఊహతో నింపకూడదు.

పండక్కి ఇంటికి వచ్చినప్పుడు ఆ నోటుబుక్ తెచ్చి చూపించమనండి. మీరు బ్యాంకు మనిషి, వోచర్ లేని ఎంట్రీ ఎక్కడుందో నాకంటే మీకే ముందు కనిపిస్తుంది.