మినోల్టా ఎస్ఆర్‌టీ 101 ఫిల్మ్ కెమెరాలో కొత్త సెల్ వేసినా లైట్ మీటర్ తప్పు చూపిస్తోంది, మీటర్ పోయినట్టేనా?

నాకైతే మీటర్ పోయిందనిపించట్లేదండీ, తొందరపడి పక్కన పడేయకండి. మీరు రాసినదాని ప్రకారం 625 సైజు ఆల్కలైన్ సెల్ కొత్తది వేశారు, ముల్లు చక్కగా ఆడుతోంది, కానీ ఫోన్ యాప్‌తో పోలిస్తే ఎండలో రెండు స్టాప్‌ల (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) దాకా తేడా వస్తోంది, గదిలో మాత్రం తేడా కొంచెమే. ఈ "ఎండలో ఎక్కువ, గదిలో తక్కువ" అన్న ముక్కలోనే జవాబుంది. నాన్న వాడిన ఎస్ఆర్‌టీ 101తో నాకూ అచ్చం ఇదే జరిగింది, ఒక రీలు మొత్తం పోయాక గానీ కారణం తెలియలేదు.

నా కథ ఇంకాస్త వెనక నుంచి మొదలైంది. కెమెరా ఇరవై ఏళ్లు బీరువాలో ఉంది, లోపల పాత సెల్ అలాగే ఉండిపోయింది. కొత్త సెల్ వేసినా ముల్లు కదల్లేదు. కెమెరాలు బాగుచేసే ఒకాయన పైపైన చూసి మీటర్ పోయింది, పార్టులు దొరకవు అనేశారు. నాకు మనసొప్పలేదు. సెల్ గదిలో అడుగున పచ్చగా చిలుము పట్టి ఉంటే ఇయర్‌బడ్‌ని కొద్దిగా వెనిగర్‌లో ముంచి తుడిచి, తర్వాత స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాను, రేకు తళతళలాడింది, ముల్లు మాత్రం చచ్చినట్టే ఉంది. అప్పుడు అడుగు ప్లేటు స్క్రూలు విప్పి చూస్తే సెల్ గది నుంచి పైకి వెళ్లే వైరు పైకి బాగానే కనిపించింది, పట్టకారుతో కొంచెం కదపగానే సాల్డర్ దగ్గర పుటుక్కున ఊడి వచ్చింది. పైన ప్లాస్టిక్ తొడుగు తీసి చూస్తే లోపలి రాగి నల్లగా మాడినట్టు అయిపోయింది. చిలుము వైరు లోపలికి పాకుతుందన్నమాట, అందుకే గది ఎంత శుభ్రం చేసినా కరెంటు పైకి ఎక్కదు. నల్లబడిన రాగికి సాల్డర్ అంటుకోదు కాబట్టి ఆ ముక్క మొత్తం తీసేసి కొత్త వైరు వేశాను, ముల్లు లేచింది. (ఆ స్క్రూ తలలు చాలా తేలిగ్గా అరిగిపోతాయి, సరైన సైజు స్క్రూడ్రైవర్ లేకపోతే ముట్టుకోవద్దు.)

మీ ముల్లు కదులుతోంది కాబట్టి మీకు ఈ గొడవ లేదు. మీ సమస్య నా కథలో రెండో సగం.

ముల్లు లేచిందన్న సంతోషంలో రీలు ఎక్కించేసి, మా అక్క కూతురు మొదటిసారి అడుగులు వేస్తుంటే మీటర్ చెప్పినట్టే తీశాను. రీలు కడిగించాక నెగటివ్‌లు వెలుతురుకి ఎత్తి చూస్తే ఆరుబయట తీసినవన్నీ పల్చగా, దాదాపు గాజులా ఉన్నాయి. పాప జుట్టు ఉన్న చోట ఏమీ లేదు. నెగటివ్ ఫిల్మ్ వెలుతురు ఎక్కువైతే చాలావరకు తట్టుకుంటుంది, తక్కువైతే నీడల్లో వివరం అసలు ఎక్కదు, ఎక్కనిది తర్వాత ఎవరూ తీసుకురాలేరు.

కారణం వోల్టేజి. ఈ కెమెరా 1966లో వచ్చింది, దాని మీటర్ 1.35 వోల్టుల పాదరసం సెల్‌కి లెక్కకట్టి తయారైంది. ఆ సెల్ చివరిదాకా దాదాపు అదే వోల్టేజి ఇచ్చేది, అందుకే మీటర్ లోపల వోల్టేజిని సరిచేసే ఏర్పాటేదీ పెట్టలేదు. పాదరసం విషం కాబట్టి 1990లలో అలాంటి సెల్స్ అమ్మకం ఆగిపోయింది, అమెరికాలో 1996లో చట్టమే వచ్చింది. ఇప్పుడు అదే సైజులో దొరికే ఆల్కలైన్ సెల్ కొత్తగా ఉన్నప్పుడు 1.5 వోల్టులు లేదా ఇంకాస్త ఎక్కువ ఇస్తుంది, వాడేకొద్దీ మెల్లగా దిగిపోతూ ఉంటుంది. వోల్టేజి ఎక్కువైతే ముల్లు ఉండాల్సిన దానికంటే పైకి లేస్తుంది, అంటే వెలుతురు ఎక్కువుందని చెప్తుంది, మనం అపర్చర్ (లెన్స్ రంధ్రం) చిన్నది చేస్తాం, ఫోటో అండర్ అవుతుంది, అంటే ఫిల్మ్‌కి వెలుతురు చాలదు. పైగా ముల్లు ఎంత పైకి లేస్తే ఈ తప్పు అంత పెరుగుతుంది, అందుకే ఎండలో మీకు అంత తేడా. చాలామంది ఐఎస్ఓ (ఫిల్మ్ వేగం) డయల్ ఒక స్టాప్ తగ్గించి పెట్టుకోమంటారు, ఆ సలహా నాకు నచ్చదు, ఎండలో సరిపెడితే గదిలో తప్పుతుంది, నెల తర్వాత సెల్ దిగిపోయాక రెండూ తప్పుతాయి.

ఒక్క నిమిషంలో మీరే చూసుకోవచ్చు. కెమెరా అడుగున ఉన్న స్విచ్‌ని బీసీ (బ్యాటరీ చెక్) వైపు తిప్పి వ్యూఫైండర్‌లో చూడండి, ముల్లు చిన్న చతురస్రపు గుర్తు దగ్గర ఆగాలి. ఆల్కలైన్‌తో నాది ఆ గుర్తు దాటి పోయింది. అది చూసి కూడా "సెల్ మంచి పవర్‌లో ఉంది" అనుకున్నాను.

పరిష్కారానికి రెండు దారులున్నాయి. చెవి మిషన్లలో వేసే 675 సైజు జింక్-ఎయిర్ సెల్ చవక, కెమెరాలో పెడితే 1.35 వోల్టులకి బాగా దగ్గరగా, నిలకడగా ఇస్తుంది. స్టిక్కర్ పీకి ఐదు నిమిషాలు గాలి తగలనిచ్చి వేయాలి, 625 కంటే సన్నగా ఉంటుంది కాబట్టి చుట్టూ ఒక రబ్బరు రింగు పెట్టాలి, గాలి రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు. ఒకసారి స్టిక్కర్ తీశాక కొద్ది నెలలే, వాడినా వాడకపోయినా అయిపోతుంది. ఏడాదికి రెండు మూడు రీళ్లు తీసేవాళ్లకి ఇది చిరాకు. అందుకని నేను డయోడ్ ఉన్న అడాప్టర్‌కి మారాను, అందులో సిల్వర్ ఆక్సైడ్ సెల్ వేస్తే దాని 1.55 వోల్టుల్లోంచి డయోడ్ సుమారు 0.2 తగ్గిస్తుంది. సిల్వర్ సెల్ వోల్టేజి చివరిదాకా పెద్దగా దిగదు కాబట్టి మళ్లీ ఆలోచించే పని లేదు. అడాప్టర్ కొనేటప్పుడు లోపల డయోడ్ ఉందో లేదో చూడండి, ఉత్త రేకు రింగు అయితే సైజు సరిపోతుంది తప్ప వోల్టేజి తగ్గదు.

సెల్ మార్చాక పోల్చేటప్పుడు ఫోన్‌ని ఆకాశం వైపో, చెట్ల వైపో పెట్టకండి. ఫోన్ లెన్స్ చూసే వెడల్పు వేరు, కెమెరా లెన్స్ చూసేది వేరు, అక్కడే ఒక స్టాప్ తేడా పుట్టుకొస్తుంది. ఒకే రంగున్న గోడ ఫ్రేమ్ నిండా వచ్చేలా రెండింటితోనూ చూసి, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి, గదిలో ఒకసారి రాసుకోండి. మూడు చోట్లా ఒకే తేడా వస్తే అప్పుడు ఐఎస్ఓ డయల్‌తో సరిపెట్టుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు. సరైన వోల్టేజితో కూడా ఒక్కోచోట ఒక్కోలా వస్తే అప్పుడు లోపలి సీడీఎస్ సెల్ (బ్యాటరీ కాదు, వెలుతురుని పసిగట్టే భాగం) ముసలిదైందని అనుమానించాలి. కొలిచే ముందు కెమెరాని ఎండలో వదిలేయకండి, బాగా వెలుతురు తగిలిన సీడీఎస్ సెల్ కాసేపటిదాకా నీడలో కూడా ఎక్కువే చూపిస్తుంది.

ఇదంతా మీ కెమెరాకి చెప్పింది, పాత కెమెరాలన్నిటికీ కాదు. పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌లో బ్రిడ్జి సర్క్యూట్ ఉంటుంది కాబట్టి వోల్టేజి కొంచెం అటూ ఇటూ అయినా పట్టించుకోదు.

రీలు ఇప్పటికే లోపల ఉందన్నారు కదా, సరైన సెల్ వచ్చేదాకా మీటర్ ఆఫ్ చేసేయండి. మీది 200 ఐఎస్ఓ ఫిల్మ్, కాబట్టి నిండు ఎండలో అపర్చర్ ఎఫ్/16, షట్టర్ 1/250 పెట్టండి, పల్చటి మబ్బుకి ఎఫ్/11, నీడలు పడనంత మబ్బుకి ఎఫ్/8, దట్టమైన మబ్బుకి గానీ ఆరుబయట నీడలోకి వెళ్తే గానీ ఎఫ్/5.6.