ఇంగ్లండ్‌లోని ఈటన్ కాలేజీ అనే స్కూలు పిల్లలు నల్ల టెయిల్‌కోటు (వెనక తోకలా పొడవుగా ఉండే కోటు) వేసుకునేది మూడో జార్జి రాజు సంతాపంగానా?

కాదు, ఈటన్ నల్ల టెయిల్‌కోటుకీ 1820లో చనిపోయిన మూడో జార్జికీ సంబంధం లేదు, అది 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో కలిగినవాళ్లు పగటిపూట మామూలుగా వేసుకున్న దుస్తులే. బయట ఫ్యాషన్ మారిపోయింది, స్కూలు మాత్రం దాన్నే యూనిఫాంగా ఉంచేసుకుంది.

అసలు ఆసక్తికరమైన విషయం ఏంటంటే, అక్కడ బట్టలు చూసి ఎవరు ఏంటో చెప్పేయొచ్చు. 1440లో ఆరో హెన్రీ రాజు ఈ స్కూలు పెట్టినప్పుడు 70 మంది పేద పిల్లలకు ఉచితంగా చదువు చెప్పించాలనుకున్నాడు. ఇప్పటికీ పరీక్ష నెగ్గి ఆ సీట్లలో చేరే సుమారు 70 మంది కింగ్స్ స్కాలర్లు కోటు మీద నల్ల గౌను కూడా వేసుకుంటారు, మిగతా పిల్లలంతా 'ఆపిడన్లు', అంటే ఊళ్లో బస చేసేవాళ్లు. ఉదాహరణకు 'పాప్' అనే సీనియర్ల బృందంలో ఉన్న కుర్రాణ్ణి చూడండి: గళ్ల ప్యాంటు, రెక్కల కాలరు, తెల్ల బో టై, పైగా తనకు నచ్చిన రంగులో, నచ్చిన డిజైనులో వెయిస్ట్‌కోటు. సంతాప దుస్తులే అయితే ఇంత రంగుల వెయిస్ట్‌కోటుకు ఒప్పుకునేవాళ్లే కాదు.

మరి సంతాపం కథ ఎందుకు నిలిచిందంటే, మూడో జార్జి పక్కనే ఉన్న విండ్సర్ కోటలో ఉండేవాడు, ఈ స్కూలంటే బాగా ఇష్టపడేవాడు. ఆయన పుట్టినరోజు పేరుతో 'ఫోర్త్ ఆఫ్ జూన్' వేడుక నేటికీ జరుగుతుంది, కాకపోతే జూన్ 4నే జరపరు.